ఎక్కినవాడిదే కళింగం

తూర్పు కనుమల్లో మహేంద్రగిరి అన్నిటికన్నా ఎత్తయిన కొండేమీ కాదు. దీని ఎత్తు 1,501 మీటర్లు. కోరాపుట్ వైపు దేవమాలి 1,672 మీటర్లు. అరకు కొండల్లోనూ 1,600 మీటర్లు దాటిన శిఖరాలున్నాయి. అయినా పురాణాలు ఏడు కులపర్వతాలను లెక్కపెట్టినప్పుడు ఆ పొడవాటి కొండల్లో ఒక్కదాని ఊసూ ఎత్తలేదు. మహేంద్రాన్ని మాత్రం మలయం, సహ్యం, వింధ్యాల సరసన, వాటికన్నా ముందే నిలబెట్టాయి. పాత గంజాం జిల్లాలో, ఇప్పటి ఒడిశా గజపతి జిల్లాలో, శ్రీకాకుళం జిల్లా మందసకు నెత్తిమీద ఉన్న ఈ కొండకు అంత పెద్దరికం ఎలా వచ్చింది? పరశురాముడు తపస్సు చేసిన చోటు కాబట్టి అనే జవాబు వెంటనే వస్తుంది. అది ప్రశ్నను వెనక్కి జరుపుతుందే తప్ప తీర్చదు. పరశురాముడికి ఈ కొండే ఎందుకు దక్కిందన్నది అప్పుడూ మిగిలే ఉంటుంది. నా వాదన ఇది: మహేంద్రగిరి పెద్దరికం దాని చూపులో ఉంది. పైనుంచి ఏం కనిపిస్తుంది, కింద ఎవరికి కనిపిస్తుంది అన్న రెండు సంగతులే ఈ కొండను కళింగానికి సంతకంగా మార్చాయి. అడవిలోంచి పైకి సాగిన ఆ నిటారు దారి చరిత్ర, ఆ సంతకం పెట్టాలనుకున్నవాళ్ల చరిత్ర.

ముందు కొండ ఉన్న చోటు చూడాలి. సముద్రం నుంచి తిన్నగా కొలిస్తే పాతిక కిలోమీటర్లు. గోపాల్‌పూర్ రేవు నుంచి నైరుతి దిక్కున సుమారు 65 కిలోమీటర్లు. కొబ్బరి, జీడి తోటల మైదానం మీంచి ఈ కొండ ఒక్కసారిగా లేస్తుంది. మందస వైపు నుంచి ఎక్కేవాళ్లు దాదాపు 1,400 మీటర్ల ఎత్తు ఎక్కాలి: కింద పోడు చేలు, వెదుర్లు, పైన దట్టమైన అడవి, శిఖరానికి చేరువలో చెట్లు పలచబడి గడ్డిమైదానం. ఆ ఎత్తు నుంచి దిగంతం ఎంత దూరమన్నది లెక్క కట్టవచ్చు. సుమారు 140 కిలోమీటర్లు వస్తుంది. అంటే గాలి తేటగా ఉన్న రోజున కళింగ తీరంలో పెద్ద భాగం ఒకే చూపులో ఇమడాలి. ఆ లెక్కే తిరగేస్తే, సముద్రంలో అంత దూరాన ఉన్న పడవకు నేల ఆనవాలుగా మొదట తేలేది ఈ శిఖరమే. దేవమాలికి ఎత్తున్నా ఈ వీలు లేదు. దాని చుట్టూ ఇంకా కొండలే. 2వ శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ, తూర్పు దేశాలకు పోయే ఓడలు తీరాన్ని వదిలిపెట్టే చోటు పలౌరా అని రాశాడు. దాన్ని పండితులు చాలామంది గంజాం, చిలికా పరిసరాల్లోనే వెతికారు. ఇప్పటికీ గోపాల్‌పూర్ ఒడ్డున తెలుగు మాట్లాడే వాడబలిజలు, ఒడియావాళ్ల నోట నోలియాలు, ఈ తీరాన్నే నమ్ముకుని బతుకుతున్నారు. ఒడ్డునున్న కొండలను గుర్తు పెట్టుకుని సముద్రంలో చేపలు పడే తావులను పోల్చుకోవడం తూర్పు తీరం పొడవునా చేపలవాళ్లకు పాత విద్య. నేలమీద రైతుకూ నీటిమీద సరంగుకూ ఒకేసారి కనిపించే కొండ ఒక రాజ్యానికి గుర్తు కావడంలో వింత లేదు.

ఇది ఊహేనా, రుజువు ఉందా అని అడగవచ్చు. శాసనాల వరస చూద్దాం. 2వ శతాబ్దంలో గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహలో వేయించిన శాసనం, ఆమె కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి ఏయే కొండలకు ప్రభువో వరసగా చెబుతుంది. సహ్యం, మలయంతో పాటు మహేంద్రం అందులో ఉంది. శాతకర్ణి సేనలు నిజంగా ఇక్కడి దాకా వచ్చాయా అన్నది వేరే తగువు. రాజ్యాన్ని ఊళ్లతోనే కాక కొండలతోనూ కొలిచే అలవాటు అప్పటికే ఉందన్నది మనకు కావలసిన సంగతి. కాళిదాసు రఘువంశం 4వ సర్గలో రఘువు మహేంద్రనాథుణ్ణి ఓడించి సంపద తీసుకుంటాడు, నేలను తిరిగి ఇచ్చేస్తాడు. 6వ సర్గలో ఇందుమతి స్వయంవరానికి వచ్చిన కళింగరాజు హేమాంగదుణ్ణి కవి మహేంద్రానికీ మహాసముద్రానికీ కలిపి ప్రభువుగా పరిచయం చేస్తాడు. కొండ, సముద్రం, మధ్యలో రాజు: కళింగం అనగానే కవి మనసులో మెదిలిన బొమ్మ అదే. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభశాసనాన్ని కూడా ఈ వరసలో చేర్చాలని చాలామందికి ఉంటుంది. అందులోని మాటలను పిఠాపురపు రాజు మహేంద్రుడని విడదీయవచ్చు, మహేంద్రగిరి అనీ విడదీయవచ్చు. రెండు వైపులా లాగగలిగిన సాక్ష్యం మీద వాదన నిలబెట్టడం మంచిది కాదు. దాన్ని పక్కన పెట్టినా మన పనికి లోటు రాదు.

లోటు రాకపోవడానికి కారణం గాంగులు. క్రీ.శ. 498 ప్రాంతంలో తమ శకాన్ని మొదలుపెట్టిన తూర్పు గాంగులు తొలి రాగిరేకుల నుంచీ తమను తాము మహేంద్ర శిఖరం మీద వెలసిన గోకర్ణస్వామి భక్తులుగా చెప్పుకున్నారు. రాజధాని కింద వంశధార ఒడ్డున కళింగనగరంలో. అది నేటి శ్రీముఖలింగం అని ఎక్కువమంది అంగీకరిస్తారు. దేవుడు పైన. దానమిచ్చిన ఊరు ఏదైనా, రాజు పేరుకు ముందు కొండ పేరు రావలసిందే. గంజాం వైపు కొంగోదను ఏలిన శైలోద్భవులదీ ఇలాంటి ధోరణే. బుగుడలో దొరికిన రాగిరేకుల ప్రకారం వాళ్ల మూలపురుషుడు రాతిలోంచే పుట్టాడు. అయితే అన్నిటికన్నా సూటైన సాక్ష్యం అనంతవర్మ చోడగంగు 1118లో ఇచ్చిన విశాఖపట్నం రాగిరేకుల్లో ఉంది. గాంగుల మూలకథ అందులో ఇలా సాగుతుంది: కామార్ణవుడనే రాకుమారుడు తన రాజ్యాన్ని పినతండ్రికి వదిలి, నలుగురు తమ్ముళ్లతో తూర్పుకు వచ్చి, మహేంద్రగిరి ఎక్కి, గోకర్ణస్వామిని కొలిచి, ఆయన అనుగ్రహంతో వృషభ లాంఛనం పొంది, రాజచిహ్నాలన్నిటితో కొండ దిగి, అప్పుడు కళింగాన్ని గెలిచాడు. వరస గమనించాలి. గెలిచాక మొక్కు తీర్చుకోవడానికి ఎక్కలేదు. ఎక్కి దిగాకే గెలిచాడు. ఎక్కేటప్పుడు రాజ్యం లేనివాడు, దిగేటప్పుడు రాజు. కథ నిజంగా జరిగిందా లేదా అన్నది ఇక్కడ అనవసరం. చోడగంగు ఆస్థానం తమ హక్కుకు పుట్టుక చెప్పుకోవలసి వచ్చినప్పుడు దాన్ని కొండదారి మీద పెట్టింది, అంతే చాలు.

రాగిరేకుల మీద ఎవరైనా ఏమైనా రాయిస్తారు, కాలు కదపకుండానే కొండ ఎక్కామని చెప్పుకోవచ్చు కదా అని ఎవరైనా అడిగితే, అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు శిఖరం మీదే ఉంది. 11వ శతాబ్దపు తొలి దశకాల నాటి చోళ శాసనం ఒకటి అక్కడి గుడి రాతిమీద చెక్కి ఉంది, సంస్కృతంలోనూ తమిళంలోనూ. కులూత రాజు విమలాదిత్యుణ్ణి ఓడించి మహేంద్రగిరి మీద జయస్తంభం నిలిపినట్టు అది చెబుతుంది. అక్షరాల దగ్గరే చోళుల పులి, రెండు చేపలు. ఇవి మోసుకొచ్చిన రాగిరేకులు కావు, కదలని రాయి. తంజావూరు నుంచి వచ్చిన సేన, కింద మైదానంలో ఎక్కడైనా స్తంభం నాటవచ్చు. జనం తిరిగే చోట నాటితే ఎక్కువమంది చదువుతారు కూడా. అయినా ఉలి, సుత్తి, రాతిపనివాళ్లతో ఈ నిటారు అడవిదారి ఎక్కింది. చదివేవాళ్ల కోసమైతే ఆ శ్రమ దండగ. కళింగాన్ని ఎవరు గెలిచారో ఈ కొండ మీద రాస్తేనే చెల్లుతుందన్న తెలివిడి శత్రువుకూ ఉందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? ఇది మన దగ్గరి విడ్డూరమేమీ కాదు. క్రీ.పూ. 219లో చైనాను ఏకం చేసిన చిన్ షి హువాంగ్ తైషాన్ కొండ ఎక్కి, తన ఘనత చెక్కిన రాయి నిలబెట్టించాడు. అదీ చైనాలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ కాదు, తూర్పు మైదానానికి ఎదురుగా లేచి నిలబడ్డ కొండ.

రెండో ఆక్షేపణ భక్తుల వైపు నుంచి వస్తుంది. శివుడి కోసం ఎక్కినవాళ్లందరినీ రాజకీయం కోసం ఎక్కారనడం అన్యాయం కాదా? ఆ కాలంలో భక్తి, అధికారం వేరు వేరు గదుల్లో ఉండేవి కావన్న మాట నిజమే. కానీ రెండిట్లో ఏది ఈ కొండను రాజుకు దగ్గర చేసిందో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది: రాజ్యం కదిలితే ఏమైంది? 1078 నుంచి 1147 దాకా ఏలిన చోడగంగు కాలంలో గాంగ రాజ్యం ఉత్తరానికి పెరిగింది, పాలనకు బరువు మహానది వైపు జరిగింది, పూరీలో జగన్నాథుడి పెద్దగుడి లేచింది. తర్వాతి శతాబ్దంలో మూడవ అనంగభీముడు తాను పురుషోత్తముడి తరఫున ఏలే సేవకుణ్ణని ప్రకటించుకున్నాడు. ఆ శతాబ్దంలోనే నరసింహదేవుడు కోణార్క కట్టించాడు, సింహాచలం గుడి గాంగుల చేతిమీద పెరిగింది. మహేంద్రానికి ఆ వైభవంలో వాటా దక్కలేదు. ఇక్కడ మిగిలినవి పెద్ద పెద్ద రాతిదిమ్మెలతో పేర్చిన కొద్దిపాటి గుళ్లే. తిరుమలకున్నట్టు సోపానాలు, గోపురాలు, మండపాల బారు లేదు. శివుడు ఎక్కడికీ పోలేదు, భక్తులూ మానలేదు. రాజు చూపు మాత్రం మారింది. వంశధార లోయనూ ఈ తీరాన్నీ ఏలే రాజ్యానికి ఈ కొండ కేంద్రం. గంగ నుంచి గోదావరి దాకా చాచిన రాజ్యానికి ఇది ఒక మూల కొండ. రాజులను పైకి రప్పించింది ముఖ్యంగా భక్తే అయితే రాజధాని మారినంత మాత్రాన అది ఇలా పలచబడేది కాదు.

శిఖరం మీది గుళ్లకు నేడు జనం పిలిచే పేర్లు భీముడివి, యుధిష్ఠిరుడివి, కుంతివి. కుంతి గుడిలోనే గోకర్ణేశ్వరుడు. ఈ పేర్లను పట్టుకుని, రాజుల కథ పైపూత, అసలు చరిత్ర పాండవులదని వాదించేవాళ్లున్నారు. మహాభారతం అరణ్యపర్వంలో ధర్మరాజు తీర్థయాత్ర చేస్తూ కళింగం మీదుగా మహేంద్రానికి వచ్చి, ఒక రాత్రి ఉండి, చతుర్దశినాడు పరశురాముణ్ణి చూసిన మాట వాస్తవం. ఆ కథ ఆసరాతో జనం ఈ పేర్లు పెట్టి ఉంటారనడం సులువు. దేశంలో ఎక్కడ కట్టినవాడెవరో మరిచిపోయిన పాత రాతికట్టడం ఉన్నా పాండవుల పేరు పడటం మామూలే. కానీ ఇక్కడ ఇంకో సంగతి ఆలోచించదగ్గది. 1118 నాటి రాగిరేకులు నలుగురు తమ్ముళ్లతో కొండ దిగిన కామార్ణవుణ్ణి నేరుగా యుధిష్ఠిరుడితో పోలుస్తాయి. అంటే పాండవుల యాత్రను తమ వంశకథకు అచ్చుగా వాడుకున్నది గాంగుల ఆస్థానమే. గుళ్ల పేర్లు దాన్నుంచే పుట్టాయని నేననను. అలా అనడానికి ఆధారం చాలదు. పురాణయాత్ర, రాజయాత్ర ఈ దారిమీద ఒకదాన్నొకటి నిలబెట్టుకున్నాయని మాత్రం అనవచ్చు. అంతకుముందే కొండకు పేరు లేకపోతే రాజులు వచ్చేవాళ్లు కారు; రాజులు రాకపోతే శిఖరం మీద రాతిగుళ్లు లేచేవి కావు.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ ఇంకా చెప్పనే లేదు. ఈ దారి వేసింది రాజులూ కాదు, యాత్రికులూ కాదు, సవరలు. కొండవాలుల్లో పోడు కొట్టుకుని, సామలు, కందులు పండించుకుని, అడవి సరుకు సంతకు దింపి ఉప్పు, బట్ట పైకి మోసుకున్న కాళ్లే దాన్ని తొక్కి దారి చేశాయి. రాసుకునే అలవాటు లేని ఆ జనం ఊసు లేకుండా ఎక్కినవాడిదే రాజ్యం అనడం, రాసినవాడి మాటే నమ్మడం కాదా? నమ్మడమే, రాసినవాడి మాటల్లోనే దానికి విరుగుడు లేకపోయుంటే. గాంగుల మూలకథకు ఇంకో పాఠం కోర్ని రాగిరేకుల్లో ఉంది. అందులో కామార్ణవుడు కొండ దిగి చంపిన పాత ఏలిక పేరు శబరాదిత్యుడు; ఆ పేరులోని శబర, సవరే. రాజులు తమ హక్కును నిలబెట్టుకునే కథలోనే, అంతకుముందు ఈ నేల ఎవరిదో ఒప్పుకున్నారన్నమాట. అప్పుడు కొండ ఎక్కడానికి అర్థం ఇంకా తేటపడుతుంది. ఎవరూ లేని శిఖరం మీద జయస్తంభం నాటాల్సిన పని లేదు. సంతకం ఎప్పుడూ ఇంకొకరి హక్కుమీదే పడింది. సవరల మాటను చదువుకున్న లోకం చెవిన పడేలా చేసినవాడు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. రాగిరేకుల తర్వాత ఎనిమిది వందల ఏళ్లకు గానీ కొండవాళ్ల భాషకు పుస్తకం దక్కలేదు.

కంపెనీ దొరలు వచ్చాక చూపు ఇంకో మలుపు తిరిగింది. 1815లో వచ్చిన విషజ్వరం గంజాం పట్నాన్ని ఊడ్చేసింది. తెల్లదొరలు ఊరు వదిలిపోయారు, జిల్లా కేంద్రం మారింది. చల్లటి ఎత్తు కోసం వెతుకులాట మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా సాగిన శతాబ్దమది. ఊటీ, కొడైకెనాల్ అలాగే వెలిశాయి. మహేంద్రగిరినీ ఆరోగ్యధామం చేయాలన్న ఆలోచన వచ్చింది, పైన చిన్న బంగళాలు కూడా లేచాయి. ఊటీ మాత్రం కాలేదు. శిఖరం మీద జాగా తక్కువ, దారి మరీ నిటారు, కింద అడవిలో మలేరియా. వేసవిలో గాలి మారడానికి గంజాం దొరలు చివరికి కొండకు బదులు సముద్రాన్ని ఎంచుకున్నారు. రంగూన్‌కు కూలీలను, సరుకును ఎక్కించే రేవుగా బతికిన గోపాల్‌పూర్ అలా విడిది ఊరయ్యింది. ఈ ఓటమి మన వాదనకు పనికొస్తుంది. కొండకు పోవడం హాయి కోసమే అయితే మహేంద్రగిరి ఎవరినీ ఎక్కువకాలం నిలుపుకోలేదు. ఇక్కడ ఎవరూ నివాసం ఉండటానికి ఎక్కలేదు; ఎక్కి, గుర్తు పెట్టి, దిగిపోయారు. గాంగులు కూడా రాజధానిని వంశధార ఒడ్డునే ఉంచుకున్నారు.

20వ శతాబ్దంలో గుర్తు పెట్టే పని రాతిమీంచి పటం మీదికి మారింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం, గోపాల్‌పూర్, పర్లాకిమిడి అటు పోయాయి. మందస, సోంపేట, టెక్కలి ఇటు మిగిలాయి. శిఖరం ఒడిశాకు, దాని నీడ పడే తూర్పు మైదానం తెలుగు జిల్లాకు వచ్చాయి. మహేంద్రతనయ ఏరు మాత్రం పైన పుట్టి బరువ దగ్గర సముద్రంలో కలుస్తూ రెండు రాష్ట్రాలనూ తడుపుతూనే ఉంది. కొండ ఎవరిదన్న తగువు అంతటితో ఆగలేదు, రూపం మార్చుకుంది. 1940 ఏప్రిల్‌లో మందస జమీందారీ అడవిలో కట్టె కొట్టుకునే హక్కు కోసం గుడారి రాజమణిపురం రైతులు తిరగబడ్డారు. కాల్పుల్లో వాళ్లలో ఒకరైన గున్నమ్మ నేలకొరిగింది. ఆమె గర్భిణి. ఏ రాగిరేకుల్లోనూ కనిపించని ప్రశ్న ఆ రోజు సూటిగా వచ్చింది: కొండను చూసేవాడిదా, కొండమీద బతికేవాడిదా? వందల ఏళ్లపాటు మొదటి జవాబే చెల్లింది. గున్నమ్మ చావుతో రెండోది గెలిచిందని చెప్పలేం; తప్పించుకోలేని ప్రశ్నగా మారిందని చెప్పవచ్చు.

ఇప్పుడు ఎక్కేవాళ్లు రెండు రకాలు. మహాశివరాత్రికి జాగారం చేయడానికి రెండు రాష్ట్రాల నుంచీ వేలమంది వస్తారు. మిగతా రోజుల్లో పర్లాకిమిడి, కోయిన్‌పూర్ మీదుగా బండ్లమీద శిఖరం దగ్గరి దాకా వెళ్లేవాళ్లు, మందస వైపు అడవిలోంచి నడిచేవాళ్లు, దృశ్యం కోసమే వస్తారు. చూడటం కోసమే కొండ ఎక్కడం పాశ్చాత్యుల అలవాటని, 1336లో ఇటలీ కవి పెట్రార్క్ వాంటూ కొండ ఎక్కిన ఉత్తరంతో మొదలైందని ఒక మాట ప్రచారంలో ఉంది. మహేంద్రగిరి ఆ మాటను సరిచేస్తుంది. ఇక్కడ చూపు అంతకు వెయ్యేళ్లకు పైబడే విలువైనది. కాకపోతే చూడటం ఏనాడూ ఊరికే చూడటం కాలేదు, నాదని చెప్పడం అయింది. అందుకే నేటి నడకదారులకు ఈ చరిత్ర కావాలి. 2022లో ఒడిశా ప్రభుత్వం మహేంద్రగిరిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. అదీ ఒక సంతకమే, కాకపోతే ఈసారి అడవి పేరుమీద. దాని విలువ, అడవిలో ఉన్న సవర ఊళ్లకు ఆ ప్రకటనలో ఎంత చోటుంది అన్నదాన్ని బట్టి తేలుతుంది. దారి మొదట్లో పలక పెట్టదలిస్తే చోళుల పులినీ గాంగుల కథనూ రాయాల్సిందే. వాటితోపాటు శబరాదిత్యుడి పేరు, గున్నమ్మ పేరు రాయాలి. తెలుగులో, ఒడియాలో, సవరలో. ఇన్నాళ్లూ పైకి ఎక్కి సంతకం చేసినవాళ్లంతా దిగిపోయారు. దారిని బతికించినవాళ్లు కొండమీదే ఉన్నారు, హక్కు లెక్క వాళ్ల దగ్గర మొదలుకావాలి.